హౌరా వంతెన: నదిలో అడుగు పెట్టకుండా 1500 అడుగులు

హౌరా బ్రిడ్జి అనగానే మనవాళ్లలో చాలామందికి ముందు గుర్తొచ్చేది జనరల్ నాలెడ్జి పుస్తకంలో చదివిన ఒకే ఒక్క వాక్యం: 'ఒక్క నట్టు గానీ బోల్టు గానీ లేకుండా కట్టిన వంతెన.' సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్కి, మర్నాడు హౌరాలో దిగి, స్టేషన్ బయటికి రాగానే ఆ కట్టడం ఎదురైతే పక్కవాళ్లకు చెప్పేదీ ఆ మాటే. మాట అబద్ధం కాదు. కాకపోతే ఆ వంతెన గురించి చెప్పుకోవలసిన విశేషాల వరసలో దానికి చివరి చోటు ఇవ్వాలి.

నట్లూ బోల్టులూ లేకపోతే ముక్కలు ఎలా అతికారు? రివెట్లతో. ఎర్రగా కాల్చిన రివెట్‌ను రెండు రేకుల రంధ్రాల్లోంచి దూర్చి, అవతలి కొసను కొట్టి తలలా చదును చేస్తారు. చల్లారేటప్పుడు అది కురచబడుతుంది, ఆ బిగువుకు రేకులు రెండూ ఒకదానికొకటి అదుముకుపోతాయి. ఆ కాలంలో పెద్ద ఇనుప కట్టడం ఏదైనా అలాగే కట్టేవారు. స్కాట్లాండ్‌లో 1890లో తెరిచిన ఫోర్త్ వంతెనలో సుమారు 65 లక్షల రివెట్లున్నాయి. రివెట్ల స్థానంలో గట్టి ఉక్కు బోల్టులు వంతెనల్లోకి బాగా వచ్చింది 1950ల తరవాతే. అంటే 1943లో తెరిచిన వంతెనలో బోల్టులు లేకపోవడం వింతేమీ కాదు.

అసలు వింత వేరే ఉంది. హుగ్లీ నదిలో ఈ వంతెనకు ఒక్క స్తంభం కూడా లేదు. రెండు ఒడ్డుల మీదా రెండు టవర్లు, వాటి మధ్య 1500 అడుగులు, అంటే 457 మీటర్ల ఖాళీ. రాజమండ్రిలో గోదావరి మీద ఉన్న పాత రైలు వంతెన, అదే హేవ్‌లాక్ బ్రిడ్జి, ఇదే హౌరా - మద్రాసు లైను కోసం పందొమ్మిదో శతాబ్దం చివర్లో మొదలుపెట్టి కట్టింది. దాని స్పాన్ (రెండు స్తంభాల మధ్య వంతెన ముక్క) ఒక్కోటి 150 అడుగులు. అలాంటివి 56. యాభై ఏళ్లయినా తేడా లేకుండా కట్టిన రెండు ఇనుప ట్రస్ వంతెనల్లో ఒకటి నదిలో యాభై ఐదు స్తంభాలు దించుకుంది, రెండోది ఒక్కటి కూడా దించలేదు. ఈ తేడా ఎందుకొచ్చిందో అర్థమైతే హౌరా వంతెన రూపం మొత్తం అర్థమవుతుంది, దాని విలువ ఎక్కడుందో కూడా.

నది పెట్టిన షరతు

ఇప్పుడున్న వంతెనకు ముందు అక్కడ తేలే వంతెన ఉండేది. మన గోదావరి రేవుల్లో పంటులు తెలిసినవాళ్లు సులభంగా ఊహించుకోవచ్చు: వరసగా పంటులు నిలిపి వాటి మీద బాట వేశారు. సర్ బ్రాడ్‌ఫర్డ్ లెస్లీ రూపొందించిన ఆ వంతెన పొడవు 1528 అడుగులు. కడుతుండగానే 1874 మార్చిలో వచ్చిన తుఫానుకు లంగరు తెగిన 'ఈజీరియా' అనే స్టీమరు వచ్చి గుద్దుకుని మూడు పంటులను ముంచేసింది. అయినా అదే ఏడు అక్టోబరులో జనానికి తెరిచారు. ఓడలు వచ్చినప్పుడు మధ్యలో 200 అడుగుల ముక్కను విప్పి పక్కకు లాగేవారు. అంతసేపూ రెండు ఒడ్డుల మీదా బళ్లు బారులు తీరేవి. 1906 దాకా ఈ విప్పడం పగలు మాత్రమే జరిగేది. ఆ తరవాత సముద్రపు స్టీమర్లను మినహాయించి మిగతావాటికి రాత్రిపూట దారి ఇవ్వడం మొదలుపెట్టారు.

ఆ బారుల్లో ఎక్కువ ఏవో తెలుసా? ఎడ్లబళ్లు. 1906 ఆగస్టు 27న లెక్కపెడితే వంతెన మీద నడిచిన బళ్లలో పదమూడింట ఎనిమిది వంతులు అవే. హుగ్లీలో ఆటుపోట్లకు నీరు లేచి దిగుతుంటే తేలే వంతెనా దానితోపాటు లేచి దిగేది. వంతెన నీటితోపాటు కిందికి దిగినప్పుడు ఒడ్డు నుంచి దిగే వాలు నిటారుగా మారి ఎడ్లకు ప్రాణాంతకంగా ఉండేది. కొత్త వంతెన కావాలన్న ఒత్తిడి వెనక స్టీమర్లతో పాటు ఈ ఎడ్లబళ్లూ ఉన్నాయి.

మరి మామూలుగా నదిలో స్తంభాలు వేసి కట్టొచ్చు కదా? అక్కడే వచ్చింది చిక్కు. కలకత్తా బతుకు రేవు మీద. రేవు బతుకు నది లోతు మీద. హుగ్లీ విపరీతంగా ఒండ్రు మోసుకొచ్చే నది. అలాంటి నదిలో అడ్డంగా స్తంభాలు నిలబెడితే ప్రవాహం వాటి చుట్టూ కోసుకుపోతుంది, వెనక మేట వేస్తుంది. కాలువ ఎటు జరుగుతుందో ముందుగా చెప్పలేం. గోదావరి రాజమండ్రి దగ్గర దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పు. అక్కడ స్తంభాలు తప్పవు, సముద్రపు ఓడలు వచ్చే రేవూ కాదు. హుగ్లీ దగ్గర వెడల్పు తక్కువ, రేవు భయం ఎక్కువ. 1921లో ఆర్.ఎన్. ముఖర్జీ అధ్యక్షతన కమిటీ వేశారు. ఇంజనీరు సర్ బేసిల్ మాట్ ఒకే కమానుతో నదిని దాటే వంతెన కట్టొచ్చని ప్రతిపాదించాడు. 1926లో చట్టం వచ్చింది. 1930లో ఇంకో కమిటీ. చివరికి లండన్‌కు చెందిన రెండెల్, పామర్ అండ్ ట్రిటన్ సంస్థ ఇచ్చిన డిజైన్ ఖాయమైంది. ఆలోచన మొదలైన నాటి నుంచి పని మొదలయ్యే నాటికి ముప్పై ఏళ్లు. కమిటీల విషయంలో మన దేశం ఆనాటికీ ఈనాటికీ పెద్దగా మారలేదు.

త్రిభుజం చేసే పని

ట్రస్ అంటే కమ్మీలను త్రిభుజాలుగా అమర్చి కట్టిన దూలం. ఎందుకు త్రిభుజాలే? నాలుగు కర్రలు చతురస్రంగా కట్టి మూలలు వదులుగా ఉంచితే ఒక పక్కకు తోయగానే, కీళ్లు వదులైన పాత నులకమంచంలా ఒరిగిపోతుంది. దానికి మూలకు మూలగా ఇంకో కర్ర బిగిస్తే రెండు త్రిభుజాలవుతాయి. ఇక ఒరగాలంటే ఏదో ఒక కర్ర సాగాలి, లేదా కురచ కావాలి. ఉక్కు అంత సులభంగా సాగదు, కురచ కాదు. ట్రస్ రహస్యం ఇంతే: వంగే పనిని లాగుడుగా, నొక్కుడుగా విడగొట్టి ఒక్కో కమ్మీకి ఒక్కో పని అప్పజెప్పడం.

రెండు స్తంభాల మీద వాలిన మామూలు ట్రస్ మీదికి రైలు వస్తే పై వరస కమ్మీలు నొక్కుకుంటాయి, కింది వరసవి లాగుకుంటాయి. మధ్య ఏటవాలు కమ్మీలు బరువును ఒక్కో గడీ దాటిస్తూ స్తంభాల దాకా చేరుస్తాయి. రాజమండ్రి పాత వంతెనలో 56 స్పాన్‌లదీ ఇదే కథ. ఒక్కో స్పాన్ పక్కదానితో సంబంధం లేకుండా తన రెండు స్తంభాల మీద తాను వాలి ఉంటుంది.

లాగుడు, నొక్కుడు రెండూ సమానమని అనిపిస్తుంది గానీ కట్టేవాళ్లకు భయపెట్టేది నొక్కుడే. లాగే కమ్మీ తిన్నగానే ఉంటుంది. నొక్కుడు పడే కమ్మీ పొడుగ్గా, సన్నగా ఉంటే ఉక్కు బలం ఇంకా అయిపోకముందే పక్కకు వంగి చతికిలపడుతుంది. కెనడాలో క్విబెక్ వంతెన కడుతుండగా 1907 ఆగస్టులో జరిగింది ఇదే. కింది వరసలో నొక్కుడు పడే కమ్మీలు వంకర తిరిగాయి, వంతెన కుప్పకూలి 75 మంది పనివాళ్లు చనిపోయారు. స్పాన్ పొడవు పెంచాక వంతెన సొంత బరువును సరిగ్గా మళ్లీ లెక్క కట్టకపోవడం దానికి ఒక ముఖ్య కారణం. 1916లో మధ్య ముక్కను పైకెత్తుతుండగా అదీ పడి మరో 13 మంది పోయారు. 1917లో పూర్తయిన ఆ వంతెనదే కాంటిలీవర్ వంతెనల్లో (ఒడ్డుల నుంచి చేతులు చాచినట్టు కట్టేవి) నేటికీ అతి పొడవైన స్పాన్, 1800 అడుగులు. హౌరా డిజైన్ బల్లల మీద ఉన్నప్పుడు ఇదంతా ఇంజనీర్లకు పాతికేళ్ల నాటి తాజా గాయం.

పదింతల పొడవు, నూరింతల భారం

150 అడుగుల ట్రస్‌ను పదింతలు పెద్దది చేసి హుగ్లీ మీద పెడితే పోదా? పోదు. అడుగుకు ఇంత అని సమానంగా బరువున్న దూలంలో, మధ్యలో దాన్ని వంచే బలం (ఇంజనీర్లు బెండింగ్ మొమెంట్ అంటారు) పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పొడవు పదింతలైతే వంచే బలం నూరింతలు. దాన్ని తట్టుకోవడానికి ఉక్కు పెంచితే ఆ ఉక్కే కొత్త బరువు అవుతుంది, దాన్ని మోయడానికి మళ్లీ ఉక్కు. ఒక హద్దు దాటాక వంతెన తన మీద నడిచేవాళ్లను మోయడం మానేసి తనను తాను మోసుకోవడంలోనే అలిసిపోతుంది.

దీనికి జర్మన్ ఇంజనీరు హైన్రిఖ్ గెర్బర్ 1860లలోనే ఒక ఉపాయం కనిపెట్టి, 1867లో మైన్ నది మీద హాస్‌ఫుర్ట్ దగ్గర కట్టి చూపించాడు. ఒడ్డుల నుంచి నది మీదికి రెండు చేతులు చాచి, వాటి కొసల మధ్య ఒక చిన్న ట్రస్‌ను కీళ్లతో వేలాడదీయడం. దీన్నే కాంటిలీవర్ వంతెన అంటున్నాం.

హౌరా వంతెనలో నది మీదికి చాచిన చేయి ఒక్కోటి 468 అడుగులు. మధ్యలో వేలాడే ముక్క 564 అడుగులు. కూడితే 1500. ఇప్పుడు లెక్క చూడండి. 1500 అడుగుల మామూలు దూలం మధ్యలో పడే వంచే బలాన్ని 100 అనుకుంటే, 564 అడుగుల వేలాడే ముక్క మధ్యలో పడేది 14 మాత్రమే. మిగతా 86 ఎక్కడికి పోయింది? చేతులు టవర్లను తాకే చోటికి. భారం మాయం కాలేదు, చోటు మారింది. నది మధ్యలో, గాల్లో, ఉక్కును పెంచుకుంటూ పోలేని చోటు నుంచి ఒడ్డు మీదికి, ఎంత ఎత్తయినా కట్టుకోగల చోటికి వచ్చి చేరింది.

అందుకే ఆ వంతెన ఆకారం అలా ఉంది. టవర్ల దగ్గర 280 అడుగుల ఎత్తు, అక్కడి నుంచి నది మధ్యకు పోతున్నకొద్దీ పలచబడే ట్రస్. చాలామంది ఈ వంపును అందం కోసం గీసిందనుకుంటారు. వంచే బలాన్ని కాగితం మీద గ్రాఫుగా గీస్తే వచ్చే గీతకు దాదాపు నకలు అది. వంచే బలం ఎక్కువున్న చోట ట్రస్ లోతు ఎక్కువ, తక్కువున్న చోట తక్కువ. ఎదురుగా నిలబడి చూసేవాడికి లెక్క కనబడే కట్టడాలు చాలా తక్కువ. నా దృష్టిలో ఈ వంతెన చారిత్రక విలువలో సగం ఇక్కడుంది.

చాచిన చేయి ఒడ్డు మీద నిలవాలంటే వెనక నుంచి ఎవరో పట్టుకోవాలి. 1887లో లండన్‌లో ఫోర్త్ వంతెన సూత్రాన్ని జనానికి చూపించడానికి సర్ బెంజమిన్ బేకర్ మనుషులతోనే ఒక ప్రదర్శన పెట్టాడు. ఇద్దరు కుర్చీల్లో కూర్చుని చేతులు చాచారు. చేతులకు కింద నుంచి కర్రలు ఊతం. ఇద్దరి మధ్య ఒక పలక మీద జపాన్ నుంచి వచ్చిన యువ ఇంజనీరు వతనబె కైచి కూర్చున్నాడు. అతని బరువుకు ఆ ఇద్దరూ లోపలికి తూలిపోకుండా వాళ్ల బయటి చేతులకు ఇటుకల బరువు కట్టారు. వాళ్ల చేతులు లాగుకున్నాయి, కర్రలు నొక్కుకున్నాయి. హౌరాలోనూ అంతే: చాచిన చేతిలో పై వరస కమ్మీలు లాగుడు పడతాయి, కింది వరసవి నొక్కుడు పడతాయి. మామూలు ట్రస్‌కు సరిగ్గా తలకిందులు. ఇటుకల పని చేసేవి టవర్ల వెనక నేల వైపున్న 325 అడుగుల చేతులు. 325 అడుగుల చేయి అటు 468 అడుగుల చేతినీ, దాని కొసకు వేలాడే ముక్కలో సగాన్నీ నిలబెట్టాలి. పొడవులు చూస్తేనే తెలుస్తోంది, సొంత బరువు చాలదని. అందుకే ఆ వెనక కొసలు పైకి లేవకుండా భూమిలోని లంగరు దిమ్మెలకు బిగించి ఉన్నాయి.

ఇంకో సంగతి వంతెన మీద నడిచేవాళ్లకు సాధారణంగా తట్టదు. టవర్ల మధ్య మనం నడిచే బాట ట్రస్ మీద లేదు, ట్రస్‌కు వేలాడుతోంది. కింది వరస నుంచి 39 జతల ఉక్కు వేలాడు కమ్మీలు (హ్యాంగర్లు) దిగి, అడ్డ గర్డర్లను (బాట కింది అడ్డ దూలాలను) పట్టుకున్నాయి. వాటి మీద 71 అడుగుల బండ్ల బాట, రెండు పక్కలా 15 అడుగుల కాలిబాట. టవర్లు దాటాక ఒడ్డు వైపు బాట మాత్రం నేల మీది స్తంభాల మీదే నడుస్తుంది. వెనక చేతుల మీద దాని బరువు పడదు.

వేలాడే ముక్కకు రెండు పక్కలా కీళ్లు ఉండటం వల్ల ఇంకో లాభం ఉంది, కలకత్తా నేల తెలిసినవాళ్లకు ఇది ముఖ్యం. ఆ నేల మెత్తని బంకమన్ను, ఇసుక. ఎప్పుడో ఒక టవరు పునాది కాస్త కుంగిందనుకుందాం. కీళ్లు లేకుండా ఏకబిగిన బిగించిన వంతెనైతే ఆ కుంగుడుకు కమ్మీల్లో లెక్కలో లేని బలాలు పుడతాయి. కీళ్లున్న వంతెన కొద్దిగా ఒరిగి సర్దుకుంటుంది. కమాను వంతెన ఒడ్డులను పక్కకు తోస్తుంది, తాళ్ల వంతెన లోపలికి లాగుతుంది. మెత్తని నేల ఈ రెండిటికీ సరిగా బదులివ్వదు. కాంటిలీవర్ టవర్ల దగ్గర తిన్నగా కిందికి నొక్కుతుంది, వెనక కొసల్లో తిన్నగా పైకి లాగుతుంది. కంప్యూటర్లు లేని 1930ల్లో చేత్తో వేసే లెక్కకు కూడా ఈ అమరిక నిశ్చింత. బలాలన్నీ కాగితం, పెన్సిలుతో తేలిపోతాయి.

ఎండ సంగతి కూడా చూడాలి. మొత్తం 705 మీటర్ల ఉక్కు ఒక్క డిగ్రీ వేడెక్కితే 8 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. పగటికీ రాత్రికీ 15 డిగ్రీల తేడా వస్తే 12 సెంటీమీటర్లు దాటుతుంది. బాటలో మధ్య మధ్య వదిలిన ఖాళీలు అందుకే.

మట్టిలో ఫిరంగులు, గాల్లో క్రేన్లు

1935లో టెండర్లు పిలిస్తే అన్నిటికన్నా తక్కువ ధర ఒక జర్మన్ కంపెనీ వేసింది. జర్మనీతో బ్రిటన్‌కు అప్పటికే పొసగడం లేదు. పని క్లీవ్‌లాండ్ బ్రిడ్జి అండ్ ఇంజనీరింగ్ కంపెనీకి పోయింది. ఉక్కును కోసి, రంధ్రాలు వేసి, కమ్మీలుగా తయారుచేసే పని కలకత్తా కంపెనీలైన బ్రైత్‌వైట్, బర్న్, జెస్సాప్ కలిసి తీసుకున్నాయి.

టవర్ల కింది పునాదులు ఒక్కోటి 55 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు ఉన్న దిమ్మెలు. ఒక్కో దిమ్మెలో 21 బావులు. బావుల్లోంచి మట్టి తోడుతుంటే దిమ్మె తన బరువుకు తానే కిందికి దిగుతుంది. మన గోదావరి, కృష్ణా వంతెనలకు దించిన బావి పునాదుల పద్ధతే, కొలత వేరు. కలకత్తా వైపు 31 మీటర్ల లోతుకు, హౌరా వైపు 26 మీటర్లకు పైగా దించారు. కలకత్తా వైపు ఇసుక నీటితోపాటు బావుల్లోకి వచ్చేస్తుండటంతో గాలిని గట్టిగా నింపి, ఆ ఒత్తిడిలో మనుషులను దింపి తవ్వించారు. అడుగున ఏమేం దొరికాయంటే, లంగర్లు, ఫిరంగులు, ఫిరంగి గుళ్లు, ఇత్తడి పాత్రలు, ఈస్టిండియా కంపెనీ నాణేలు. ఒక రాత్రి అడుగు నేల ఒక్కసారిగా జారి దిమ్మె మొత్తం రెండడుగులు కుంగింది. ఆ అదురుకు కిడర్‌పూర్‌లోని భూకంప సూచిక కదిలిందనీ, ఒడ్డున ఒక గుడి కూలితే తరవాత మళ్లీ కట్టించారనీ చెబుతారు.

పైకట్టడం ఎత్తేటప్పుడు నదిలో ఒక్క పరంజా కూడా వేయలేదు. కాంటిలీవర్‌లో ఇంకో గొప్ప సౌకర్యం అదే. ఒడ్డు నుంచి మొదలుపెట్టి, కట్టిన భాగం మీదే క్రేను పాకుతూ ముందుకు వెళ్లి తరవాతి ముక్కను బిగిస్తుంది. కింద ఓడలు తమ దారిన తాము పోతుంటాయి. రెండు వైపుల నుంచి వచ్చిన చేతులు మధ్యలో కలిసే దాకా, తరవాత వేలాడబోయే ముక్క కూడా రెండు సగాలుగా గాల్లో చాచిన చేయిగానే ఉండిపోయింది. ఆ సగాలను కలపడానికి ఒక్కోటి 800 టన్నులు నెట్టగల 16 హైడ్రాలిక్ జాకీలు వాడారు. కలిసిన తరవాత ఆ మధ్య ముక్కలో లాగుడు పడిన కమ్మీలు నొక్కుడులోకి, నొక్కుడు పడినవి లాగుడులోకి మారాయి. కట్టేటప్పుడు ఒక పని, కట్టాక దానికి పూర్తిగా ఎదురు పని. డిజైన్ చేసినవాళ్లు ఈ రెండు జీవితాలకూ లెక్క వేయాల్సి వచ్చింది.

ఈలోగా యుద్ధం వచ్చింది. ఇంగ్లాండ్ ఉక్కు యుద్ధ ఫ్యాక్టరీలకు మళ్లింది. వంతెనకు కావలసిన 26,500 టన్నుల్లో 23,000 టన్నులు జంషెడ్‌పూర్ నుంచి వచ్చాయి. టాటా స్టీల్ ఇందుకోసం 'టిస్క్రామ్' అనే అధిక బలం ఉక్కును అందించింది. ఇంతకుముందు చెప్పిన లెక్కతో కలిపి చూస్తే దీని ప్రాముఖ్యం తెలుస్తుంది: తన బరువునే తాను మోసే వంతెనకు ఉక్కు ఎంత బలమైనదైతే అంత తక్కువ ఉక్కు చాలు, అంత తక్కువ బరువు. కాబట్టి 'స్వదేశీ ఉక్కు' అన్నది జెండా పాట కోసం చెప్పుకునే మాటగా మిగలదు. మామూలు ఉక్కుతో ఇదే వంతెన బాగా బరువెక్కి ఉండేది.

1943 ఫిబ్రవరి 3న తెరిచారు. అంతకు కొద్ది వారాల ముందే కలకత్తా మీద జపాన్ బాంబులు పడ్డాయి. బ్యాండు మేళాలు, రిబ్బను కోతలు లేవు, ఒక ట్రామును నడిపి వంతెన మొదలైందనిపించారు. 1946లో లెక్క తీస్తే రోజుకు 27,400 బళ్లు, 1,21,100 మంది పాదచారులు, 2,997 పశువులు దాటాయి. ఆ పశువుల సంఖ్యలో చివరి ఏడును కూడా వదలకుండా రాసినవాడెవరో గానీ, చేతులెత్తి దండం పెట్టాలి. 1965లో టాగూర్ పేరు మీద దీన్ని రవీంద్ర సేతు అన్నారు. ట్రాములు 1993లో ఆగిపోయాయి. ఊరు ఇప్పటికీ హౌరా బ్రిడ్జి అనే అంటుంది.

ఉక్కును తినేవి

ఇప్పుడు రోజుకు దాదాపు లక్ష బళ్లు, అంతకన్నా ఎక్కువ మంది నడిచేవాళ్లు దాటే వంతెన ఇది. బాగోగులు కోల్‌కతా రేవు వాళ్లవి. తుఫాన్ల కంటే, లారీల కంటే దాన్ని ఎక్కువ పీడించినవి వినడానికి నవ్వొచ్చేలా ఉంటాయి: పక్షుల రెట్టలు, పాన్ ఉమ్ములు.

పాన్ సంగతి నవ్వులాట కాదు. హ్యాంగర్లు కాలిబాట పక్కనే దిగుతాయి. వాటి మొదళ్లలోకి నీరు దిగకుండా ఉక్కు తొడుగులు ఉంటాయి. 2007 నుంచి 2011 మధ్య ఆ తొడుగుల మందం 6 మిల్లీమీటర్ల నుంచి 3 మిల్లీమీటర్ల లోపుకు పడిపోయిందని రేవు ఇంజనీర్లు గుర్తించారు. కారణం నాలుగేళ్లుగా నోళ్లలోంచి పడిన సున్నం, వక్క, కాచు కలిసిన ఎర్ర నీళ్లు. చివరికి మొదళ్లకు ఫైబర్‌గ్లాస్ తొడుగులు వేయాలని నిర్ణయించారు. వంతెన పని తీరు తెలియకపోతే ఇది శుభ్రతకు సంబంధించిన వార్త. తెలిస్తే టెన్షన్ పెట్టే వార్త. బాట మొత్తాన్ని పట్టుకున్నది ఆ కమ్మీలే. ట్రస్ ఎంత దిట్టంగా ఉన్నా, బాటకూ దానికీ మధ్య ఉన్న లంకె అదొక్కటే. అందులో అతి సున్నితమైన చోటు సరిగ్గా ఉమ్మడానికి వీలైన ఎత్తులో ఉంది!

2005లో ఒక సరుకు ఓడ పోటు సమయంలో వంతెన కింద దూరబోయి, పొగగొట్టం గర్డర్లకు తగిలి మూడు గంటలు ఇరుక్కుపోయింది. రేవును కాపాడటానికి స్తంభాలు లేకుండా కట్టిన వంతెనను, ఆ రేవు ఓడే కింది నుంచి గుద్దింది.

పాత రివెట్ వదులైతే ఇప్పుడు దాని స్థానంలో గట్టి బోల్టు వేయడం వంతెనల మరమ్మతులో మామూలు. రివెట్లు కాల్చి కొట్టే పనివాళ్లు అరుదైపోయారు. అలా చేస్తే 'బోల్టు లేని వంతెన' అన్న కీర్తి పోతుందని బాధపడేవాళ్లతో నేను ఏకీభవించను. బలం నడిచే దారి మారనంత వరకు నష్టం చిన్నది. దానికి బదులు 'అదనపు భద్రత' పేరుతో రేపెవరైనా ఆ చాచిన చేతుల కింద ఒక స్తంభం పెడితే, ఒక్క రివెట్ కూడా తీయకుండానే వంతెన అర్థం మొత్తం చెరిగిపోతుంది. 2020లో పెట్టిన రంగురంగుల లైట్ల మీద నాకున్న చిన్న ఫిర్యాదు కూడా ఇలాంటిదే. రంగులు పరుగెడుతుంటే ఏ కమ్మీ దేన్ని మోస్తోందో కంటికి ఆనదు. జనానికి నచ్చుతోంది కాబట్టి ఈ ఫిర్యాదు ఇంతటితో సరి.

అదే నది మీద కొంత దిగువన 1992లో తెరిచిన విద్యాసాగర్ సేతు ఉంది. దాని ప్రధాన స్పాన్ కూడా 457 మీటర్లే. ఉక్కు తాళ్లతో బాటను నేరుగా టవర్లకు కట్టేశారు. చూడటానికి తేలిగ్గా, ఖాళీగా ఉంటుంది. బలమైన తీగలు, కంప్యూటర్ లెక్కలు వచ్చాక ఈ పొడవుకు ట్రస్ కాంటిలీవర్ కట్టే అవసరం పోయింది. 1974లో జపాన్‌లోని మినాటో వంతెన, అమెరికాలోని కమడోర్ బారీ వంతెన దాదాపు ఈ వంశంలో చివరి పెద్దవి. హౌరా కట్టిన నాటికి క్విబెక్, ఫోర్త్ తరవాత మూడో స్థానం దానిది, ఇప్పుడు ఆరోది. పోటీ ఆగిపోయింది కాబట్టి ఆ వరసలో ఇక పెద్ద మార్పు ఉండకపోవచ్చు. ఫోర్త్ వంతెనను యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మళ్లీ రాజమండ్రికి వస్తే, హేవ్‌లాక్ బ్రిడ్జి మీద రైళ్లు 1997లో ఆగిపోయాయి. దాన్ని సందర్శకుల కోసం తెరవాలన్న ప్రతిపాదనలు ఆ తరవాత చాలా ఏళ్లు నలిగాయి. ఈ రెండు వంతెనల డిజైన్ తేడా ఇక్కడ కూడా అక్కరకొస్తుంది. హౌరాను ముక్కలుగా కాపాడలేం. ఒక చేయి, దాని వెనక చేయి, మధ్య ముక్క ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. రంగు వేసినా, తనిఖీ చేసినా మొత్తానికీ చేయాలి, ఏటా చేయాలి. హేవ్‌లాక్‌లో ప్రతి స్పాన్ దేనికది స్వతంత్రం. ఒడ్డు పక్కనున్న నాలుగైదు స్పాన్‌లకు తుప్పు గీకి, రంగు వేసి, చెక్క బాట పరిచి ముందు నడవడానికి తెరవొచ్చు. డబ్బు దొరికినప్పుడు ఆ తరవాతివి. 56కూ ఒకేసారి బడ్జెట్ వచ్చేదాకా ఆగాల్సిన పని ఆ వంతెనకు ఎప్పుడూ లేదు.